రేపు చెప్తానన్న జవాబు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో, కోరుట్లలో ఇంగ్లిష్ లెక్చరర్‌గా ఉన్న నన్ను జగిత్యాలలోని ఒక కళాశాలకు సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా పంపారు. ఎక్స్‌పర్ట్ అంటే పక్క ఊరి నుంచి వచ్చినవాడని అర్థం. సొంత ఊళ్ళో నన్నెవరూ ఆ మాట అనలేదు. ఒక గెస్ట్ లెక్చరర్‌ను ఎంపిక చేయాలి. చదువుకు కొన్ని మార్కులు, డెమో పాఠానికి కొన్ని. అది పేరుకే పాఠం. విద్యార్థుల బెంచీల్లో కమిటీవాళ్ళం కూర్చుంటాం, ప్రశ్నలడగం, భోజనం వేళకు ముగించేస్తాం.

సిరిసిల్ల నుంచి వచ్చిన సరిత మాత్రం చాక్‌పీస్ ముట్టలేదు.

"మీకు వచ్చిందే మీకేం చెప్త సార్? పిల్లల్ని పిలిపియ్యండి."

ప్రిన్సిపాల్ మొహం చిట్లించినా ఆమె కదల్లేదు. చివరికి ఫస్టియర్ పిల్లల్ని కూర్చోబెట్టాం.

చిట్టీలో ఆమెకు వచ్చిన అంశం 'రాట్' (wrought) అనే పాత క్రియారూపం. అది 'వర్క్'కే ఒకప్పటి భూతకాలమని, 'వర్క్‌డ్' వచ్చాక వెనకబడి రాట్ ఐరన్ గేట్ల దగ్గర మిగిలిందని చక్కగా చెప్పింది. రెండో బెంచీలో ఒకమ్మాయి లేచింది.

"మేడం, వర్క్‌ల ఓ తర్వాత ఆర్ ఉంది గదా. గీన్ల ఓ కంటె ముందుకెట్లొచ్చింది?"

సరిత బోర్డు మీద ఆ రెండక్షరాల కింద గీత గీసింది. "నాకు తెల్వది. రేపు చెప్త."

"నౌకరే రాలే, రేపేంది సార్!" అని ప్రిన్సిపాల్ నా చెవిలో గొణిగాడు. జవాబు నాకూ తెలియదు కనుక ఎక్స్‌పర్ట్ హోదాలో గంభీరంగా తలాడించి, ఆమెకు నిండు మార్కులు వేశాను. మొత్తంలో అవి చాలలేదు.

మర్నాడు సంతకాలకు వెళ్ళేసరికి నోటీసు బోర్డు ముందు సరిత ఉంది. అందులో వేరొకరి పేరుంది. చదివి, ప్రిన్సిపాల్ వైపు తిరిగింది.

"పది నిమిషాలు క్లాసుకు పోయొస్త సార్."

"ఇంకెందుకమ్మా?"

"పిల్లకు మాటిచ్చిన గద."

నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను.

"మా నాయిన వైపని చేస్తడు," అని మొదలుపెట్టింది. మగ్గం మీద అయిపోవచ్చిన పోగులకు, పడుగు చుట్టి తెచ్చిన కొత్త భీము పోగులను ఒక్కొక్కటిగా అతికే పని అది. "గప్పుడు ఒకదాని జాగల పక్క పోగు పడ్తది ఒక్కోసారి. మాటల్ల గూడ గంతే. పాత ఇంగ్లిష్‌ల 'వోర్హ్‌తె' అనేటోళ్ళు. నోళ్ళల్ల పడి ఆర్, ఓ జాగలు మార్చుకున్నయి."

"మరి ఇప్పుడు సరిజేస్తే మేడం?"

"బట్ట నేసుడైపోయింది బిడ్డా!"

క్లాసు నవ్వింది. ఆమె సిరిసిల్ల బస్సుకు వెళ్ళిపోయింది.

ఆ ఎంపికలో నియమమేదీ తప్పలేదు. అయితే ఆ తర్వాత నేనున్న ప్రతి కమిటీలో డెమోకు విద్యార్థులుండాలని పట్టుబట్టాను. వాళ్ళు ఒక్క ప్రశ్నైనా అడిగేదాకా మార్కులు వేయలేదు. ఎంత తెలుసో చెప్పడానికి సర్టిఫికెట్లున్నాయి. తెలియనిది ఎదురైతే ఏం చేస్తారన్నది అడిగినవాళ్ళ ముందే తేలాలి.