నీళ్ళు తేరుకునేదాకా

ఆల్మాటీ ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రం గది, అందరూ గౌరవంగా 'అపాయ్' అని పిలిచే కుల్యన్ రాజ్యం. అక్కడి కుర్చీ మీద ఆవిడ కుట్టుకున్న ఉన్ని దిండు ఉంటుంది. దాని మీద ఇంకొకరు కూర్చుంటే అయిందే వాళ్ళ పని!

కొత్తవాళ్ళకి పని నేర్పేదీ ఆవిడే. "సీసాలో నీళ్ళకి రేడియో తరంగాల దెబ్బ ఒకటి వేస్తాం. లోపలి అణువులు తలకిందులవుతాయి. ఎంతసేపటికి తేరుకుంటాయో కొలవాలి. పూర్తిగా తేరుకోకుండా రెండో దెబ్బ వేశావో, కొలత తక్కువొస్తుంది. ఓపిక పట్టాలి తల్లీ!" అనేది.

అలా నేర్చుకున్నదే జన్‌సాయా. నేర్చుకుని ఊరుకుందా? ఆ దెబ్బల వరసని తనే కొత్తగా అల్లింది. ఇక పెద్ద డాక్టరు బెయ్‌బిత్ నోరు తెరిస్తే జన్‌సాయా పేరే. గుండెలో ఇనుము పేరుకున్న పిల్లలకి కొత్త పరీక్ష మొదలవుతోంది. దాన్ని నడిపేదెవరో సోమవారం చెప్తానన్నాడు.

కుల్యన్‌కి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. "నిన్నగాక మొన్నొచ్చింది! స్విచ్చెక్కడుందో చూపించింది నేను కాదూ?" అని పాలటీ కలుపుకుంటూ గొణిగింది. ఆ పిల్ల తెచ్చిన బౌర్సాక్ బూరెలు వేడివేడిగా ఘుమఘుమలాడుతున్నా ముట్టలేదు.

సోమవారం డాక్టరు రాకముందే వచ్చి, అరలో ఉన్న జన్‌సాయా నీళ్ళ సీసాలు తీసి తనే కొలిచింది. ఎలాగైనా తప్పు పట్టాలని ఆత్రం. అంకెలు ఆ పిల్ల రాసిపెట్టినవాటికన్నా బాగా తక్కువొచ్చాయి. ఆనందం పట్టలేక డాక్టర్ని లాక్కొచ్చింది.

"చూడండి డాక్టరుగారూ, మీ బంగారుతల్లి కొలతలన్నీ ఎక్కువే! పసిపిల్లల ప్రాణాలు దీని చేతికిస్తారా?"

వాళ్ళ వెనకే వచ్చిన జన్‌సాయా తెర మీదికి వంగింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య వ్యవధి చూసింది. మామూలు నీళ్ళు అన్నిటికన్నా నిదానంగా తేరుకుంటాయి, వాటికి చాలినంత టైమే ఇవ్వలేదు. తలెత్తి కుల్యన్ వంక చూసింది. అప్పుడు కుల్యన్‌కీ తన పొరపాటు కనబడింది. చెవులు భగ్గుమన్నాయి.

"ఏమంటావమ్మా?" అన్నాడు డాక్టరు.

"తప్పు నాదే. రాత్రి సీసాలు కిటికీ రెండద్దాల మధ్య, చల్లగా ఉంటుందని వెన్న పెట్టే చోట మర్చిపోయాను. పొద్దున్నే తెచ్చి అరలో పెట్టాను. చల్లబడితే తొందరగా తేరుకుంటాయి కదా, అందుకే అపాయ్‌కి తక్కువొచ్చింది."

"చల్లగా ఉన్నాయా అపాయ్?" అని డాక్టరు కుల్యన్‌ని అడిగాడు.

అరలోంచి తీసినప్పుడు అవి గోరువెచ్చగా ఉన్నాయి.

"ఆఁ... మంచుముక్కల్లా ఉన్నాయి" అంది కుల్యన్.

"అయితే పరీక్ష మీరే నడపండి" అని డాక్టరు వెళ్ళిపోయాడు.

"ఎందుకలా అబద్ధమాడావే?" అని కుల్యన్ పళ్ళు కొరికింది.

"ఓపిక పట్టమని మీరేగా నేర్పారు" అంటూ జన్‌సాయా ఉన్ని దిండు దులిపి, కుర్చీలో సరిగ్గా సర్దింది. "కూర్చోండి అపాయ్."

కుల్యన్ కూర్చుంది. నలుగురిలో నా పరువు తీసినా బాగుండేది, దిక్కుమాలిన మంచితనం, అది కూడా దీనికే ఉండాలా అని ఏడుపొచ్చింది.