రొట్టె చల్లారే చప్పుడు

పెద్దక్క పోయిన సంగతిని తమ్ముడు చిన్నక్క దగ్గర పదిహేను రోజులు దాచాడు. "పరాయి దేశంలో ఒక్కదానివే ఉన్నావు, తట్టుకోలేవని చెప్పలేదు" అన్నాడు. ఆమె ఆ నెలలోనే ఓవెన్ కొనుక్కుని, కాలక్షేపానికంటూ బ్రెడ్ చేయడం మొదలుపెట్టింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని నుంచి రాగానే, బ్లీచింగ్‌కి పొట్టు లేచిన వేళ్ళతో పిండి పిసికేది. కాలిన రొట్టెను ఇనుప జాలీ మీద పెట్టేది. చల్లారేటప్పుడు దాని పైచెక్కు సన్నగా చిటపటలాడుతుంది. అప్పుడామె కుళాయి కట్టేసి, ఫ్రిజ్ స్విచ్ కూడా తీసేసి, చెవికి సెగ తగిలేంత దగ్గరగా వంగి వినేది. మధ్యమధ్య ఊఁ కొట్టేది.

తమ్ముడు ఆమె దగ్గరికి ఆఖరుసారి వెళ్ళినప్పుడు ఆమె కుడిచెవి కమిలిపోయి ఉంది. "రొట్టెతో కబుర్లేమిటక్కా, పిచ్చిగానీ పట్టిందా?" అని నవ్వుతూ, జాలీ మీది రొట్టె కోయడానికి కత్తి అందుకున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"నాతో ఒక్కసారి మాట్లాడించమని పెద్దక్క నిన్ను మూడుసార్లు బతిమాలిందట కదరా?"

పెద్దక్క చివరి రోజున ఆ గదిలో ఉన్నది అతనొక్కడే. "నీకెవరు చెప్పారు?" అని అరిచాడు.

"మెల్లగా మాట్లాడరా," అంది ఆమె, రొట్టె మీదికి వంగుతూ. "ఇంకా ఏదో చెబుతోంది."