ఒకే రోజు చేరిన ఆరుగురు

1991 మే నెలలో మా సీనియర్ ప్రోగ్రామర్ ఘోష్ గారు నాకొక పని అప్పగించారు. బిలాస్‌పూర్‌లో రైల్వే కంప్యూటర్ విభాగంలో అసిస్టెంట్ ప్రోగ్రామర్‌గా చేరి అప్పటికి నాకు ఐదేళ్ళు. గది నిండా ఉండే పాత యంత్రం మీద, కోబాల్ అనే భాషలో రాసిన ప్రోగ్రాములతో మా పని నడిచేది. ఆ ఏడాది బల్ల మీద పెట్టుకునే చిన్న కంప్యూటర్లు వచ్చాయి. పాత పనులను వాటి మీదికి ఏ భాషలో మార్చాలో తేల్చడానికి, ఒకే పనిని మూడు భాషల్లో రాసి పోల్చి చూద్దామన్నారు ఘోష్ గారు. కోబాల్ నాది. డీబేస్ నా తోటి ఉద్యోగి తివారీది. అప్పుడే నేర్చుకుంటున్న సీ భాషలో తానే రాస్తానన్నారు.

ఎంచుకున్న పని ఒక షెడ్డులోని ఫిట్టర్ల సీనియారిటీ జాబితా. ముందు చేరినవాళ్ళు పైన, తర్వాత చేరినవాళ్ళు కింద. ప్రమోషన్లు ఆ వరుసలోనే వస్తాయి కాబట్టి జాబితాలో పేరు ఒక మెట్టు దిగినా మనిషికి అది చిన్న విషయం కాదు. నాలుగేళ్ళుగా ఆ జాబితాను తీస్తున్నది నా కోబాల్ ప్రోగ్రామే.

నాది చాలా పేజీలు పట్టింది. తివారీది ఒక పేజీ కూడా నిండలేదు. ఘోష్ గారిది అందరికంటే త్వరగా ముగిసింది గానీ అందులో ఏముందో మా ఇద్దరికీ సరిగా అర్థం కాలేదు. మూడు ప్రింటవుట్లను పక్కపక్కన పరిచి, స్కేలు పెట్టి ఒక్కో పేరూ చూసుకుంటూ వచ్చాం. ఒక్కచోట తప్ప అన్నీ కలిశాయి. ఒకే రోజు చేరిన ఆరుగురి దగ్గర కోబాల్, డీబేస్ ఒకే వరుస ఇచ్చాయి. సీ వేరే వరుస ఇచ్చింది. మొదటి రెండింటిలో బిల్హా నుంచి వచ్చే సాహు పైన, అప్పలనాయుడు కింద. సీలో అప్పలనాయుడు పైన.

రెండు ఒకటి చెబుతుంటే మూడోదే తప్పని తివారీ, నేనూ నవ్వుకున్నాం. ఘోష్ గారు నవ్వలేదు. సాహును పైన పెట్టమని నా ప్రోగ్రాములో ఏ వాక్యం చెబుతోందో చూపించమన్నారు.

వెతికాను. అలాంటి వాక్యం లేదు. చేరిన తేదీ ప్రకారం పేర్చమని రాశాను. తేదీలు ఒకటే అయితే ఏం చేయాలో రాయలేదు. చెప్పని చోట మా యంత్రం, పేర్లు ఎక్కించిన వరుసనే ఉంచేసింది. అదే ఫైలు తీసుకున్న డీబేస్ కూడా అంతే చేసింది. సీలో సిద్ధంగా దొరికే పేర్పు పద్ధతికి ఆ పట్టింపు లేదు, సమానమైనవాటిని ఎటైనా పెడుతుంది. కాబట్టి సీ ఇచ్చిన వరుసకూ ఆధారం లేదు. దానివల్ల తప్పు బయటపడింది, అంతే.

జాబితాలో ఆ పేరు మళ్ళీ చూశాను. అప్పలనాయుడు గారు మా నాన్నకు తెలిసినవారు, విజయనగరం వైపు మనిషి. బిలాస్‌పూర్‌లోనే తెలిపారా అనే పేటలో ఉండేవారు. అంతకు ముందు ఏడాది మా కౌంటరు దగ్గరికి వచ్చారు.

"నానూ సాహూ ఒక్కరోజే జేరినాం తల్లీ. ఆడు నాకంటే సిన్నోడు. మరి ఆడి కింద నా పేరెందుకున్నాదో ఒక్కపాలి సూడు" అన్నారు.

నేను చూడలేదు. "కంప్యూటర్ పొరపాటు పడదు మావయ్యా" అన్నాను. అచ్ఛా అని తలూపి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఫిట్టర్ల పైన ఉండే మిస్త్రీ పోస్టు ఒకటి ఖాళీ కాబోతోంది. ఆయన రిటైర్మెంటుకు రెండేళ్ళే ఉంది.

నియామకాలు చూసే సెక్షనుకు వెళ్ళి నిబంధన అడిగాం. ఎంపిక పరీక్ష మార్కుల వరుస లేనప్పుడు, ఒకే రోజు చేరినవారిలో వయసులో పెద్దవారు పైన ఉండాలి. గుమాస్తాలు చేత్తో రాసిన రోజుల్లో అలాగే రాసేవారట. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ ఆరుగురికీ మార్కుల వరుస లేదు. సర్వీసు రిజిస్టర్లు తెప్పించి చూస్తే నాయుడు గారు సాహు కంటే పద్నాలుగు నెలలు పెద్ద.

పై అధికారికి నోట్ రాశాను. అందులో "కంప్యూటర్ లోపం" అన్న మాటను ఘోష్ గారు కొట్టేసి, "ప్రోగ్రాములో నిబంధన చేర్చలేదు" అని దిద్దారు. ఆ ప్రోగ్రామును తనిఖీ చేసింది తానేనంటూ నా సంతకం పక్కన తన సంతకం కూడా పెట్టారు. అలా పెట్టాల్సిన అవసరం ఆయనకు లేదు.

సవరించిన జాబితాను ముందు తాత్కాలికంగా ప్రకటించి, అభ్యంతరాలకు గడువిచ్చి, ఆ తర్వాత ఖరారు చేస్తారు. అది నోటీసు బోర్డు మీదికి రాకముందే షెడ్డుకు వెళ్ళి, తప్పు నాదేనని నాయుడు గారికి చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుని, నాచేత కాగితం రెండుసార్లు చదివించుకున్నారు.

"మిషను సెప్పిందంటే మరింకేటంటాం అని ఊరుకున్నాను. నువ్వే వొచ్చి సెప్పినావు, సాలు" అన్నారు.

సాహుతో అంత తేలిక కాలేదు. కౌంటరు దగ్గరికి వస్తే అధికారి అనుమతితో రెండు రిజిస్టర్లూ చూపించాను. తేదీలు చదువుకుని, "ఠీక్ హై మేడమ్. లేకిన్ పహలే క్యోఁ నహీఁ దేఖా?" అన్నాడు. సరే గానీ, ముందే ఎందుకు చూడలేదని. నాయుడు గారు అడిగినప్పుడే చూడాల్సిందని, తప్పు నాదేనని చెప్పాను. అతను అభ్యంతరం పెట్టలేదు గానీ, ఏడాదిన్నర తర్వాత తనకూ అలాంటి పోస్టు ఒకటి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. నాయుడు గారు మిస్త్రీగా రిటైరయ్యారు.

నిబంధన చేర్చాక మూడు భాషలూ ఒకే జాబితా ఇచ్చాయి. దిద్దుకోవడం సులువు కాబట్టి ఆ పనిని డీబేస్‌లోకి మార్చాం. నా ప్రోగ్రామును ఆ నాలుగేళ్ళలాగే నేను కోబాల్‌లోనే చదువుకుంటూ ఉంటే, అందులో లేని వాక్యం నాకు ఎప్పటికీ కనబడేది కాదు. దాన్ని మరో భాష పక్కన పెట్టించినందుకు ఘోష్ గారికి నేను రుణపడి ఉన్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ పని ఒప్పుకున్నా, ఇద్దరు సమానంగా వస్తే ఎవరు ముందో సంబంధిత సెక్షను చేత రాయించుకుని, సంతకం తీసుకున్నాకే ప్రోగ్రాము మొదలుపెట్టేదాన్ని.