వేలెడంత సుత్తితల

మా నర్సరీకి మొక్కలు కొనేవాళ్ల కంటే ముందు ఫోటోలు దిగేవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఉరవకొండ నుంచి మా ఊరికి వచ్చే దారిలో ఎటు చూసినా ఎర్ర నేల, గులకరాళ్లు, బీళ్లు. ఏడాదిలో ఎక్కువ నెలలు అదే రంగు. వాటి మధ్య ఆకుపచ్చ వల కింద మా చీనీ బత్తాయి, దానిమ్మ, మామిడి మొక్కలు వరసగా కనిపించేసరికి పెళ్లి కుదిరిన జంటలకు అది ఊటీ అయిపోయింది. వాళ్లను తీసుకొచ్చే ఫోటోగ్రాఫరు మా ఆయనకు వరసకు తమ్ముడు. మేం కాదనలేదు. పిలిస్తే పలికే మనిషి, నన్ను నోరారా వదినా అనే మనిషి.

ఆ నర్సరీ మేం సరదాకి పెట్టింది కాదు. వరసగా వేరుశనగ పోయి, ఇంక నేలలో విత్తనం పారేసే ధైర్యం లేక పెట్టింది. మా బోరులో వచ్చే నీళ్లకు చేను తడవదు, మొక్కల కవర్లు తడుస్తాయి. జంబేరి అనే మొండి నిమ్మమొక్క మీద చీనీ కన్ను, అంటే మొగ్గ, కోసి అంటించడం నేను పట్టుదలగా నేర్చుకున్నాను. మొదట్లో పెట్టినవన్నీ ఎండిపోయేవి. తర్వాత నా చేతి అంటు తప్పదు అనే పేరు వచ్చింది. గుమ్మఘట్ట వైపు నుంచి కూడా రైతులు వచ్చి ముందుగా చెప్పి పోయేవాళ్లు.

ఆ ఏడు మా దగ్గర ఎప్పుడోగాని పట్టని ముసురు పట్టింది. ఎండ లేదు, గట్టి వానా లేదు, ఊరికే తుంపర. మా దగ్గర పని చేసే అమ్మాయి కవర్లు జరుపుతూ నన్ను కేకేసింది.

"అక్కా, ఇట్ల రా. ఇదేందో చూడు. తలకాయ గొడ్డలి మాదిరి ఉండాది."

కవరు కింద తడిమట్టిలో ఉంది అది. వేలెడు పొడవు, వానపాము కంటే సన్నం. గోధుమరంగు ఒంటి మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక నల్లగీత. తల మాత్రం రెండువైపులా విసనకర్రలా పరుచుకుని ఉంది. ఒక వానపామును చుట్టుకుని తింటోంది. కోస్తా నుంచి లారీలో తెప్పించిన పూలమొక్కల మట్టితో వచ్చి ఉంటుందని తర్వాత అనుకున్నాం.

అదే పొద్దు మా మరిది ఒక జంటను తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి లంగాఓణీ కట్టుకుని గొడుగు కింద నిలబడి ఉంది. మా మరిది పురుగును చూసిన క్షణం నుంచి ఆ అమ్మాయిని చూడలేదు.

"వదినా, ఇది సుత్తితల!" అన్నాడు. ఫోను తీసి నాకు ఫోటోలు చూపించాడు. నీలం నీళ్లలో సొరచేపలు. ఒకటి కాదు, గుంపులు గుంపులు. ఒక్కోదాని తల అడ్డంగా సాగి, రెండు కొసల్లో రెండు కళ్లు. ఎవరో నీళ్ల అడుగున వెల్లకిలా ఉండి, పైన వెలుతురుకు అడ్డంగా అవి ఈదుతుంటే తీసినవి. నల్లటి నీడల్లా ఉన్నాయి అవన్నీ. నాకు వాటి మీద నుంచి చూపు తిప్పబుద్ధి కాలేదు.

"ఇట్లాంటి ఫోటో ఒక్కటి తీయల్లని ఎన్నాళ్ల నుంచో ఉండాది నాకు. మనకు సముద్రం యాడిది? మెట్టెలు, ఉంగరాలు, తలంబ్రాలు... వీటితోనే అయిపోతాండాది బతుకు" అన్నాడు.

ఎవరిదో పెళ్లి ఫోటోకు పటం కట్టాలని అతని కారులో కొత్త అద్దం ఉంది. దాని మీద నీళ్లు చల్లి, ఆకుతో పురుగును తీసి పెట్టాడు. మా ఆయన ఒకవైపు, పనమ్మాయి ఒకవైపు అద్దాన్ని ఎత్తి పట్టుకున్నారు. అతను కింద బురదలో వెల్లకిలా పడుకున్నాడు. పైన మబ్బు పట్టిన ఆకాశం తెల్లగా ఉంది. మెట్టెలు తీసే లెన్సు పెట్టి, ఆ పురుగు తల విప్పి పాకుతుంటే కింద నుంచి తీస్తూనే ఉన్నాడు. పెళ్లికూతురు అలిగి వెళ్లి కారులో కూర్చుంది. మేం నవ్వుకున్నాం. ఆ పొద్దు మేం అందరం నవ్వుకున్నాం.

ఫోటో అద్భుతంగా వచ్చింది. ఇంత జరిగాక కూడా ఆ మాట అనకపోతే అబద్ధమవుతుంది. అందులో అద్దం కనిపించదు, మా చేతులు కనిపించవు. నీటిచుక్కలు బుడగల్లా ఉన్నాయి. వాటి మధ్య సుత్తితల వేసుకుని ఏదో పెద్ద జంతువు వెలుతురు మీదికి పోతున్నట్టు ఉంది. అది ఎంత ఉంటుందో చెప్పడానికి పక్కన ఏదీ లేదు.

దానికి బెంగళూరులో బహుమతి వచ్చింది. ప్రదర్శనకు మమ్మల్ని కూడా పిలుచుకుపోయాడు. ఒక గోడంతా సుత్తితల జీవులే. నీలం సిరాతో ఎవరో గీసిన సొరచేపల బొమ్మలు, బొగ్గుతో గీసిన ఒకే ఒక్క పెద్ద తల, ఆఫ్రికాలో ఉంటుందట, జుట్టు వెనక్కి పొడుచుకొచ్చి తలే సుత్తిలా కనబడే కొంగలాంటి పక్షి, గుర్రంమూతి గబ్బిలం ఒకటి. వీటన్నిటి నడుమ, తలుపంత పెద్దగా, మా పురుగు. కింద మా ఊరి పేరు, మా నర్సరీ పేరు. మా ఆయన ఆ పేరును ఫోనులో మళ్లీ మళ్లీ తీసుకున్నాడు. నాకూ గర్వంగానే ఉండింది.

ఒకావిడ నన్ను పలకరించి, "ఇది ఎంత పొడవు ఉంటుందండీ?" అని అడిగింది. నేను వేలు చూపించాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఫోటో వైపు ఇంకోసారి చూసి వెళ్లిపోయింది. మా మరిది నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "సైజు చెప్పొద్దు వదినా. చూసేవాళ్లు ఊహించుకోవల్ల."

ఊహించుకున్నారు. పేపరు జిల్లా పేజీలో ఆ ఫోటో పడింది, మా ఊరి పేరుతో సహా. ఆ తర్వాత ఎవరు మొదలుపెట్టారో ఈ రోజుకీ తెలియదు, ఫోన్లలో ఎవరో రికార్డు చేసిన ఒక గొంతు తిరగడం మొదలైంది. సుత్తిపురుగు అట, ముట్టుకుంటే మనిషి అక్కడికక్కడే పోతాడట, చీనీ మొక్కల వేళ్లలో గుడ్లు పెడుతుందట, బోరుల్లోకి దిగుతుందట. దాంతోపాటు ఒక బొమ్మ. ఎడమవైపు నోరు తెరిచిన సుత్తితల సొర, కుడివైపు మా మరిది తీసిన ఫోటో, రెండూ ఒకే సైజు. మా నర్సరీ పేరు చుట్టూ ఎర్రగీత. అది చేసినవాడెవడో పనిమంతుడే.

మొదట పనమ్మాయి రావడం మానేసింది. వాళ్ల అత్త పంపనంది. అద్దం పట్టుకున్న పిల్ల, దాన్ని కళ్లారా చూసిన పిల్ల. ఆమే రాకపోతే ఇంక ఎవరిని ఏమనగలను?

గుమ్మఘట్ట రైతు ఒకాయన అప్పటికి మా మొక్కలు తీసుకెళ్లి కొన్ని నాటుకున్నాడు కూడా. ఒకరోజు ట్రాక్టరులో అన్నీ వేసుకొచ్చి మా గేటు ముందు దించాడు. నాటినవి కూడా పెరికి తెచ్చాడు. వేళ్లకు మట్టి లేదు, ఎండకు వాడిపోయి ఉన్నాయి.

"ఏమప్పా, నీకు నేనేం తక్కువ చేసినా? ఇట్లాంటివి నాకు అంటగడతావా?" అన్నాడు మా ఆయనతో.

"అన్నా, అది మనుషుల్ని ఏం చేయదన్నా. వానపాముల్ని తింటుంది, అంతే."

"నువ్వు ఒకటి చెప్తాండావు. ఫోటో ఇంకోటి చెప్తాండాది. నా మనవరాండ్లు ఆ తోటలోనే ఆడుకుంటారప్పా."

ఆయన చెడ్డమనిషి కాదు. ఆ మొక్కల్లో ప్రతిదాని కన్నూ నేను కోసి అంటించిందే. ఆయన వెళ్లాక అక్కడే కూర్చుని వాటిని మళ్లీ కవర్లలో పెట్టడం మొదలుపెట్టాను. మా ఆయన వచ్చి నా చేతిలోవి లాక్కుని పారేశాడు.

ఉద్యానశాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. పురుగును చూశాడు. "దీనివల్ల మనుషులకు, పశువులకు ప్రమాదం లేదు. మొక్కలకు కూడా లేదు. వానపాములను తింటుంది కాబట్టి కనబడితే ఉప్పు చల్లండి. ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, దురద రావచ్చు" అని గేటు దగ్గర అందరికీ వినబడేలా చెప్పాడు. అక్కడ ఫోన్లు పట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. సాయంత్రానికి ఆ వీడియో మాకే వచ్చింది. అందులో ఆయన ఒకే మాట అంటున్నాడు: "ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు."

అప్పుడు నేను మా మరిదికి ఫోను చేశాను.

"ఒక పని చేయప్పా. దాని పక్కన ఒక అగ్గిపుల్ల పెట్టి ఇంకో ఫోటో తీయి. నీ పేరుతో పెట్టు. నీ మాట వింటారు."

"వదినా, ఆ ఫోటోను ఇంకో పెద్ద ప్రదర్శనకు తీసుకున్నారు. ఇప్పుడు అగ్గిపుల్ల పక్కన పెడితే నవ్వుతారు. కొంచెం ఆగు. జనాలు మర్చిపోతారు" అన్నాడు.

నేను ఆగలేదు. తడిసిన కవర్ల కింద వెతికి ఒకదాన్ని పట్టాను. అగ్గిపుల్ల పక్కన పెట్టి నా ఫోనుతో నేనే తీశాను. సరిగ్గా రాలేదు. నా నీడ పడింది, పురుగు మసకగా వచ్చింది, తల ముడుచుకుంది. అయినా అగ్గిపుల్ల ఎంతో, అది ఎంతో తెలుస్తోంది. నాకు తెలిసిన గ్రూపులన్నిటికీ పంపించాను. చాలాసేపటికి ఒక జవాబు వచ్చింది. "ఇది పిల్ల. పెద్దది యాడుండాది?"

చివరికి మా ఆయన స్వయంగా వెళ్లి అడిగితే మా మరిది వీడియో చేశాడు. నిజమే చెప్పాడు అందులో. చిన్న పురుగు, హాని లేదు, అద్దం మీద పెట్టి తీశాను అని అన్నీ విడమరిచి చెప్పాడు. కానీ వీడియో తెరవకముందు కనిపించే బొమ్మగా ఆ పెద్ద ఫోటోనే పెట్టాడు. లేకపోతే ఎవరు చూస్తారు అన్నాడు. చూశారు. బొమ్మను చూశారు, ఇంకొకరికి పంపారు. లోపల మాటలు విన్నది మా బంధువులే.

మొక్క ఎవరి కోసమూ ఆగదు. కొనేవాళ్లు లేకపోయినా పెరుగుతుంది. వేళ్లు కవర్లను చీల్చుకుని నేలలోకి దిగాయి. వేసవి వచ్చేసరికి బోరు నీళ్లకు బదులు గాలి పోయడం మొదలుపెట్టింది. ఏ వరసను బతికించాలో, ఏ వరసను వదిలేయాలో పొద్దున్నే నిర్ణయించుకునేదాన్ని. కొన్నాళ్లకు ఆ అవసరం కూడా లేకుండా పోయింది. ఆకుపచ్చ వలను ఒక ద్రాక్షతోట ఆయన కొని విప్పుకుని పోయాడు. మా ఆయన సోలారు ప్లాంటులో పలకలు కడిగే పనికి కుదిరాడు. మేం ఎంత పొదుపుగా పోసినా మొక్కలకు చాలని నీళ్లు అక్కడ అద్దాల మీద కారిపోతుంటే చూడలేకపోతున్నానని మొదట్లో అనేవాడు. ఇప్పుడు అనడం లేదు. నేను అనంతపురం అవతల ఒకరి నర్సరీలో అంట్లు కడుతున్నాను. చేరిన రోజే యజమాని చెప్పాడు. "యాడనుంచి వచ్చినావని ఎవరన్నా అడిగితే మీ ఊరు చెప్పొద్దమ్మా. కదిరి అని చెప్పు." అలాగే చెబుతున్నాను.

మా మరిది ఈ మధ్య టౌనులో పెద్ద స్టూడియో పెట్టాడు. బోర్డు మీద ఇప్పుడు పెళ్లిళ్లు చివర్లో ఉన్నాయి, వన్యప్రాణులు ముందు ఉన్నాయి. ఎవరో పిలిస్తే లంకకో, అండమానుకో వెళ్లి సముద్రంలో కూడా దిగి వచ్చాడట. ప్రారంభానికి పిలవడానికి ఇంటికి వచ్చాడు. నేను మంచినీళ్లు ఇచ్చి లోపలికి పోబోతుంటే ఆపాడు.

"వదినా, నీ ముఖం చూస్తాంటే నాకు అన్నం దిగడం లేదు. నా తప్పేముండాదో నువ్వే చెప్పు. నేను అబద్ధం చెప్పినానా? మిమ్మల్ని చెడగొట్టల్లని చేసినానా?"

చెప్పాలని చాలా వెతుక్కున్నాను. అబద్ధం చెప్పలేదు. చెడగొట్టాలని చేయలేదు. ఆ గొంతు అతనిది కాదు, ఎర్రగీత అతనిది కాదు. అడిగినప్పుడు కొంచెం ఆగమన్నాడు, అంతే. దానికి పెట్టడానికి పేరు కూడా లేదు. తిట్టడానికి ఒక మనిషి దొరికి ఉంటే ఈపాటికి నా కడుపు చల్లబడేది.

"నీ తప్పేం లేదప్పా. పోయి రా" అన్నాను. అతను దాన్ని నిజమనే తీసుకున్నాడు. కళ్లు తుడుచుకుని, మా ఆయన కాళ్లకు మొక్కి, తేలికపడ్డ ముఖంతో వెళ్లాడు.

ప్రారంభానికి నేను పోలేదు. మా ఆయన పోయాడు. సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తుంటే అడిగాను.

"అన్నం ఆడనే తిన్నావా?"

"తిన్నా. రాక రాక వస్తివి, తినకుండా పోతావా అన్నాడు."

వండిన అన్నం ఇద్దరికీ సరిపడా పొయ్యి మీద ఉంది. నేను ఒక్కదాన్నే వడ్డించుకుని తిన్నాను. ఆయన వాకిట్లో కూర్చున్నాడు. నేను పిలవలేదు.