షమీమ్ ఆపా ముఖం కడుక్కున్న రోజు

మొన్న భద్రాచలంలో బస్సెక్కితే పక్క సీటామె దగ్గర గులాబీ పౌడరు వాసన గుప్పుమంది. అది షమీమ్ ఆపా వాసన. డిగ్రీ కాగానే ఖమ్మంలో ఆ అక్క ఫ్యాన్సీ షాపులో పనికి కుదిరాను. ఆపా పౌడరు లేకుండా ఎవరికీ కనిపించేది కాదు. ఆ ముఖం చూసే ఆడవాళ్లు క్రీములు కొనేవాళ్లు.

నా ముఖం సంగతి చెప్పుకుంటేనే సిగ్గు. ఇంటర్ నుంచీ మొటిమలు. వేపాకు, ముల్తానీ మట్టి, చివరికి టూత్‌పేస్టు కూడా పూశాను, ఒక్కదానికీ లొంగలేదు. పెళ్లిచూపులకు వచ్చినావిడ నా ముఖం మీదే, మందేమీ వాడట్లేదా అని అడిగి వెళ్లింది. ఆ కసితో షాపుకొచ్చే హాస్టల్ పిల్లలు చెప్పిన ముఖం మందు ట్యూబు కొని, మామూలు క్రీములో కలిపి రాశాను. వారం తిరక్కుండా ముఖం నున్నగా తేలింది. మా అమ్మ దిష్టి కూడా తీసింది.

ట్యూబు అయిపోయిందో లేదో, ముఖమంతా ఎర్రగా పొంగి ఒకటే మంట. ఇంకోటి కొని షాపు అద్దం ముందు రాసుకుంటుంటే ఆపా చూసింది. ట్యూబు లాక్కుని పేరు చదివింది. మంచి బేరాల వేళ షటరు దించేసింది. తిడుతుందనుకున్నాను. ఆమె వెనక కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో ముఖం కడుక్కుంది.

ఇటు తిరిగింది. ఉల్లిపొర లాంటి చర్మం, దాని కింద ఎర్రటి నరాలు, నల్లటి మరకలు. ఈమేనా మా ఆపా అనుకున్నాను.

"నా పెండ్లికని గీ ట్యూబే మొదలుపెట్టిన, బిడ్డా. బంద్ చేస్తే మండుతది, మళ్ల రాస్త. ఇన్నేండ్ల సంది గిదే కత."

డాక్టరుకు ఎందుకు చూపించుకోలేదని అడిగాను.

"క్రీములమ్మేదాన్ని. గీ ముఖం జూస్తే దుకాణం నడుస్తదా?"

ఆ రోజే, పౌడరు పూసుకోకుండా, బజారంతా చూస్తుండగా నన్ను చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందని, అది చర్మాన్ని పలచన చేసేస్తుందని, అసలు మందు పనిచేయడానికి నెలలు పడుతుందని, మధ్యలో మానొద్దని డాక్టరు చెప్పారు. ఆపాను కూడా చూడండి అని నేనే అడిగాను. ఆమె కుర్చీలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది.

నాకు మెల్లగా తగ్గింది, మచ్చలు మిగిలాయి. ఆపా చర్మం పూర్తిగా బాగుపడలేదు. అయినా మళ్లీ పౌడరు ముట్టలేదు, కొందరు కొనడం మానేసినా సరే.

ఇప్పుడు దుమ్ముగూడెంలో నాకూ ఒక ఫ్యాన్సీ షాపుంది. ఆ ట్యూబు అడిగిన పిల్లలను వెలుతురులోకి పిలిచి నా చెంపలు చూపిస్తాను. చూపించే ముందు ఇప్పటికీ చున్నీ చెంపల మీదికి లాక్కోబోతాను. నావి నాలుగు మచ్చలే. ఆమె తన బతుకుదెరువునే కడిగేసుకుని నాకు చూపించింది.