ఒంటిగంటకు దిగిన విమానం

మా ఇంట్లో విమానం ఎక్కిన మొదటి మనిషి నా చెల్లెలు. బాన్సువాడ దవాఖానలో నర్సుగా చేసేది. ఎనభైల్లో దుబాయ్‌లో ఉద్యోగం దొరికింది. కాగితాల పని మీద బొంబాయి వెళ్లి, అక్కడి నుంచి ఉత్తరం రాసింది: "బుధవారం పొద్దున పదింటికి విమానం. పదకొండున్నరకు దుబాయ్‌లో దిగుతుందని టికెట్ మీద ఉంది."

చదివి వినిపించగానే అమ్మ మొక్కుకుంది. "విమానం లేచినకాడికెల్లి నా బిడ్డ కాలు భూమ్మీద ఆనేదాక పచ్చి మంచినీళ్లు ముట్ట."

అమ్మకు జ్వరం తగ్గి నాలుగు రోజులే అయింది. కడుపు ఖాళీగా ఉంచొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మొక్కు మాన్పించడం నా వల్ల కాదు, కనీసం పస్తుండే గంటలైనా తక్కువే కదా అనుకున్నాను.

"గంటన్నరే గదనే అమ్మా! పదకొండున్నరకు తిను, ఇగ ఫికర్ ఏంది?"

మా ఆయన ఊరుకుంటాడా? నా పాత అట్లాసు తెరిచి, బొంత కుట్టే దారంతో కొలిచాడు.

"చూడు అత్తమ్మా, ఈడికెల్లి బొంబాయికి గింత. ఆడికెల్లి దుబాయ్‌కి దీనికి మూడున్నరంతలు. గంటన్నరల ఎట్ల పోతది?"

"టికెట్ అచ్చేసినోళ్లకు తెల్వంది మీ దారానికి తెల్సా?"

"అచ్చేసినోడు కొలిచిండా?"

"మీరేమన్న ఎగిరొచ్చిండ్రా?"

బుధవారం పదకొండున్నరకు జొన్నగట్కలో మజ్జిగ పోసి అమ్మ ముందు పెట్టి, గెలిచానని చాటడానికి వసారాలోకి వచ్చాను. ఆయన ఒళ్లోని అట్లాసు లాక్కున్నాను. దుబాయ్ పక్కన రేఖాంశాల నిలువు గీతలు కంటబడ్డాయి. బి.ఏ. చదివినదాన్ని, సిగ్గుండాలి! పడమటి దేశంలో పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది. టికెట్ మీది పదకొండున్నర అక్కడి గడియారానిది. మనకు అప్పుడు ఒంటిగంట. చెల్లెలు ఇంకా సముద్రం మీదే ఉంది.

"దిగేది ఒంటిగంటకు!" అని అరుస్తూ వంటింట్లోకి పరుగెత్తాను. గిన్నె మీద మూత పెట్టి ఉంది. అమ్మ ఆయన కొలిచిన దారాన్నే వేలికి చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

"తినలేదా?"

"దారం పొడుగున్నది బిడ్డా."

"మరి నాకు చెప్పొద్దా?"

"నీతోని పంచాదికి ఒంట్ల బలం ఉండొద్దా?"

అమ్మ పక్కనే కూలబడ్డాను. నేనూ నీళ్లు ముట్టలేదు. ఒంటిగంట కొట్టగానే మా ఆయన వసారాలోంచి, కళ్లారా చూసినట్టే, "దిగింది అత్తమ్మా!" అని అరిచాడు. అమ్మ గట్క కలిపి మొదటి ముద్ద నా నోట్లో పెట్టింది. "తిను. పొద్దటికెల్లి లొల్లి వెట్టి నోరెండింది."

పదిహేను రోజులకు చెల్లెలి ఉత్తరం వచ్చింది. అమ్మకు చదివి వినిపిస్తూ ఒకచోట ఆగిపోయాను. 'విమానం రెండు గంటలు ఆలస్యంగా లేచింది' అని రాసింది. నా భుజం మీదుగా చదువుతున్న మా ఆయన దగ్గాడు. నేను ఆ వాక్యం దాటేసి కిందిది అందుకున్నాను.

"సల్లగ దిగిందటనే."

"ఒంటిగంటకే గద?" అంది అమ్మ.

"ఒంటిగంటకే," అన్నాను.