సీలు వేసిన పాత డిస్కు

చేప మొప్ప ఎత్తి చూడకుండా బేరం మొదలుపెట్టకూడదని, మంగినపూడిలో చేపలు అమ్మే మా అమ్మే నాకు నేర్పింది. బందరులో పెళ్లి వీడియోల స్టూడియో పెట్టాక కూడా ఆ బుద్ధి పోలేదు. గుడివాడలో కొన్న కొత్త హార్డ్ డిస్కును సీలు చించగానే తిరగేసి చూశాను. కేబుల్ గుచ్చేచోట సన్నటి గీతలున్నాయి. ఎవరూ గుచ్చని చోట గీతలెందుకుంటాయి?

"నీకన్నీ అనుమానాలే. సీలు చించింది నువ్వేగా!" అన్నారు మా ఆయన.

నా మనసు ఊరుకోలేదు. కోడూరులో తీసిన ఒక పెళ్లి మా పాత డిస్కులో ఉంది. ఆ డిస్కు టిక్కుటిక్కుమంటూ చావుకు దగ్గరపడింది. ఆ పెళ్లయిన కొన్నాళ్లకే పెళ్లికూతురి తాతయ్య పోయారు. ఆయన కదులుతూ, మాట్లాడుతూ కనిపించేది ఇక ఆ వీడియోలోనే. ఇంకో కాపీ లేదు. దాన్ని ఎవరో వాడి పారేసిన డిస్కులోకి ఎక్కిస్తే నన్ను మించిన తెలివితక్కువది ఉండదు.

కొత్తదాన్ని కంప్యూటర్‌కు తగిలిస్తే, ఒక్క గంట కూడా తిరగలేదని చూపించింది. సిగ్గుపడి ఊరుకునేదాన్నే. కానీ డిస్కు లోపల కంపెనీవాళ్లు తమకోసం పెట్టుకునే లెక్క ఇంకోటి ఉంటుంది. అది చూపించే ప్రోగ్రామ్ దించుకున్నాను. పైలెక్క చెరిపినవాడు దీన్ని మరిచిపోయాడు. ఏళ్ల తరబడి రాత్రీపగలూ ఎక్కడో తిరిగి అలిసిపోయిన డిస్కు అది! ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పొద్దూ, నా అనుమానమే గెలిచినందుకు సంతోషం కూడా వేసింది.

మర్నాడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని మొదటి బస్సుకే గుడివాడ వెళ్లాను. షాపాయన అప్పుడే అగరొత్తులు వెలిగిస్తున్నారు.

"ఇంకా బోణీ కాలేదమ్మా. పొద్దున్నే వాపసంటే ఎట్టాగండీ? సాయంత్రం రండి," అన్నారు.

బోణీకి ముందు వెనక్కొచ్చిన సరుకు ఎవరూ ముట్టరు. చేపలబుట్ట పక్కన పెరిగిన నాకు ఆ సంగతి చెప్పాలా? సాయంత్రానికి నా కోపం చల్లారుతుందని కూడా ఆయన ఆశ.

"అయితే బోణీ నేనే చేస్తాను బాబాయ్ గారూ. డిస్కుని లాప్‌టాప్‌కి కలిపే కేబుల్ ఒకటి ఇవ్వండి," అని డబ్బులు చేతిలో పెట్టాను. ఆయన కళ్లకద్దుకున్నారు. ఇక సాకు లేదు. ఆ కేబుల్‌తోనే డిస్కును ఆయన కౌంటరు మీద తగిలించి చూపించాను.

ఆయన మొహం మాడిపోయింది. "మాకూ సీలుతోనే వచ్చిందమ్మా..."

"అయ్యుండొచ్చండీ. ఇంకోటి విప్పండి, చూద్దాం."

రెండోదీ అంతే. మూడోదీ అంతే. అప్పటికే లోపలికొచ్చిన ఇద్దరు నా భుజం మీదుగా తొంగిచూస్తున్నారు. పాపం, మోసపోయింది ఆయన కూడా. చివరికి వేరే డీలరు పంపిన సరుకులోంచి ఒకటి తీశారు. గీత లేదు, రెండు లెక్కల్లోనూ కొత్తదే.

"ఇవొచ్చిన పెట్టె మొత్తం ఇవాళే తిప్పి పంపిస్తానమ్మా. ఆ ప్రోగ్రామేదో నాకూ ఎక్కించి వెళ్లండి," అన్నారు. ఎక్కించి, టీ తాగి మరీ వచ్చాను. బస్సులో నా అంత గొప్పది లేదన్నట్టు కూర్చున్నాను.

ఇంటికి రాగానే కాపీ పెట్టాను. అది పూర్తయ్యేదాకా కంప్యూటర్ ముందునుంచి లేస్తే ఒట్టు.

వారం తిరక్కుండానే పాత డిస్కు మూగబోయింది. నేను కొత్తదాన్ని పట్టుకుని కోడూరు వెళ్లి, వాళ్ల టీవీకి తగిలించాను. తాతయ్య మనవరాలి తలమీద అక్షింతలు వేస్తూ, "నవ్వవే పిచ్చిదానా," అన్నారు. టీవీ ముందు కూర్చున్న ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది.